పక్షి మాట్లాడిన రీలు

ఆ రోజుల్లో మా పలమనేరుకు సినిమా ఊరికే వచ్చేది కాదు. ముందు కథగా ఒకసారి వచ్చి, అందరి నోళ్లలో నాని, ఆ తర్వాతే బొమ్మగా వచ్చేది. ఇప్పటి పిల్లల్లో ఎక్కువమంది ముందు సినిమా చూసి, నచ్చితే ఆ నవల ఎక్కడ దొరుకుతుందని వెతుకుతున్నారు. మాకు అది తలకిందులు. మాంత్రికుడి ప్రాణం ఎక్కడ దాచి ఉందో, రాకుమారి ఏ దీవిలో బందీగా ఉందో పొయ్యి ముందు కూర్చున్న వాళ్లకు కూడా ముందే తెలుసు. సినిమా వాళ్లు దాన్ని సరిగ్గా తీశారో లేదో చూసి మార్కులు వేయడానికే టెంటుకు వెళ్లేవాళ్లు. అలాంటి పరీక్షలో ఒక సినిమా మొదట తప్పి, తర్వాత నెగ్గిన ముచ్చట ఒకటి ఉంది. అందులో నాకూ ఒక వేషం ఉంది కాబట్టి చెబుతున్నాను (పెద్ద వేషమేమీ కాదు, మధ్యలో నవ్వులపాలై తర్వాత పక్కకు తప్పుకునే వేషం).

యుద్ధం జరుగుతున్న కాలం అది. బెంగుళూరు రోడ్డు పక్కన ఒక సినిమా టెంటు వేసి ఉండేది. దాని యజమానిని ఊరంతా టెంటు మామ అనేవారు. నాకు ఇరవై ఏళ్లు. స్కూలు చదువు ఎలాగో గట్టెక్కాక, ఇంక ఏ పనికీ పనికిరానని మా నాయన తీర్మానించుకుని, పూతలపట్టు దగ్గరి మా పల్లె నుంచి పలమనేరులో ఉన్న మా మేనత్త ఇంటికి నన్ను పంపించాడు. మా నాయనకు తెలియనిది ఏమిటంటే నాకు గొంతు ఉంది. టెంటు మామ ఆ గొంతును ఒక్క రోజులో కనిపెట్టాడు. జట్కాబండి మీద నిలబడి, రేకు బూర నోటికి పెట్టుకుని, ఆ వారం ఆడే సినిమా కథను వీధి వీధికీ వినిపించి, రంగు కాగితాలు పంచడం నా ఉద్యోగం. చొక్కా జేబులో దువ్వెన పెట్టుకుని తిరిగేవాడిని. సినిమాలో హీరో తర్వాత నేనే అని నా నమ్మకం. ఊళ్లో నన్ను బూరబ్బోడు అంటున్నారని తెలిశాక కూడా ఆ నమ్మకం పెద్దగా తగ్గలేదు.

మా అత్త సంగతి చెప్పాలి. చిత్తూరు మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివిన మనిషి. ఆమె భర్త తాలూకా కచేరీ పని మీద ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూ ఉండేవాడు. మధ్యాహ్నం వంటిల్లు కడిగేశాక అత్త తిన్నె మీదికి వచ్చి కూర్చుని నవల తెరిచేది. ఆ గంటకు వీధిలోని ఆడవాళ్లందరూ ఎవరి చేతిపని వాళ్లు తెచ్చుకుని చేరేవారు. ఒకామె చింతపండులో గింజలు తీసేది, ఒకామె చేటలో బియ్యం ఏరేది. అత్త చెయ్యి ఆడించేది కాదు, గొంతు మార్చి నటించేది కాదు. పుస్తకం ఒడిలో పెట్టుకుని, పక్కింటి సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా చదివేది. కానీ ఆ నెమ్మదిలో ఏముందో గాని, మజ్జిగ అమ్ముకునే ఆమె ఆ దారిన పోతూ కుండ దించి, అమ్మే సంగతి మరిచిపోయి నిలబడిపోయేది. చేటలో బియ్యం చేటలోనే ఉండిపోయేవి. మద్రాసు నుంచి కొత్త భాగం పోస్టులో వచ్చిన రోజు మా వీధిలో రాత్రి భోజనాలు ఆలస్యం.

వాటిలో అందరికీ ప్రాణమైనది ఒక మాయల నవల. దాని అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు. అట్ట మీద రెక్కలు విప్పిన పెద్ద పక్షి బొమ్మ ఉండడం వల్ల పక్షి పుస్తకం అనేవారు. మంటల సముద్రానికి ఆవల ఒక దీవి, అందులో మాంత్రికుడు ఎత్తుకుపోయిన రాకుమారి. సముద్రాన్ని దాటగలిగింది ఒక్క పక్షే. రాకుమారుడు కొండెక్కి ఆ పక్షిని సాయం అడగాలి. అయితే ఆ పక్షి పిల్లల్ని వేటలో కొట్టి చంపినవాడు ఈ రాకుమారుడి తండ్రే. కొండ మీద వాళ్లిద్దరూ మాట్లాడుకునే ఆ నాలుగు పేజీల కోసం మా వీధి ఆడవాళ్లు అత్త చేత ఆ భాగాన్ని మళ్లీ మళ్లీ చదివించుకునేవారు. నేను కూడా ఆ నవల చదివానని ఊళ్లో చెప్పుకునేవాడిని. నిజానికి ఆ సమయంలో నేను లోపల వసారాలో అన్నం తిని పడుకుని ఉండేవాడిని. సగం విన్నాను, సగం నిద్రలో కలగన్నాను. ఏది నవలో ఏది కలో నాకే తెలియదు (ఇది తర్వాత చాలా ఇబ్బంది పెట్టింది).

అలాంటి నవలను సినిమాగా తీశారన్న కబురు వచ్చింది. మా తిన్నె మీద ఆ రోజు నవల చదవడం జరగలేదు. ఎవరు రాకుమారుడు, ఎవరు మాంత్రికుడు, పక్షిని ఎలా చేసి ఉంటారు అని అందరూ ఒకేసారి మాట్లాడారు. అత్త అందరికంటే ఎక్కువ సంబరపడింది. అంతలో చిత్తూరులో సినిమా చూసి వచ్చిన మా చిన్నాన్న కొడుకు తిన్నె మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఒక మాట అన్నాడు. సినిమాలో పక్షి ఉంది గాని మాట్లాడదట. రాకుమారుడు కొండెక్కగానే ఎక్కడి నుంచో బోయపిల్లలు వచ్చి అతని చుట్టూ పాట పాడి ఆడతారట, పాట అయిపోగానే అతను పక్షి మీద ఎక్కి పోతాడట. అంతే. అత్త లేచి లోపలికి పోతూ, "పక్షి నోరు కట్టేసినోళ్ల బొమ్మ నేను కండ్లతో సూడను," అంది.

నా పరిస్థితి ఆలోచించండి. అన్నం తినేది ఆమె ఇంట్లో, జీతం ఇచ్చేది టెంటు మామ. పొద్దున అత్త చేతి రాగిసంకటి తిని, ఆమె వీధి దాటేదాకా బూర చంకలో దాచుకుని, మలుపు తిరిగాక నోటికి పెట్టుకునేవాడిని. కాగితంలో లేనివి కూడా కలిపి అరిచేవాడిని. పక్షి ఏం మాట్లాడుతుందో వినాలంటే టెంటుకు రండి, వినకపోతే జన్మలో వెలితి ఉండిపోతుంది అని సంతపేట దాకా చెప్పాను. పక్షి మాట్లాడదని తెలిసీ ఎందుకు చెప్పానంటే, జనం మొహాలు అక్కడే వెలిగేవి. వెలిగే మొహాలు చూస్తే నాకు మాటలు ఆగేవి కావు.

సినిమా మొదటి ఆట రోజు పక్కింట్లో చిన్న చిక్కు వచ్చింది. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి సినిమా మీద ప్రాణం పోతోంది. మా అత్త వెంట వస్తే పంపుతానని, లేకపోతే లేదని ఆమె అత్తగారు కచ్చితంగా చెప్పింది. ఆ పిల్ల వచ్చి మా గడపలో ఊరికే నిలబడింది. అత్త కాసేపు ఆమె మొహం చూసి, పెట్టెలోంచి మంచి చీర తీసింది. నేను నోరు తెరిచేలోగా, "సూడనని గదా అన్నింది, రానని అన్నానా," అంది. అన్నట్టుగానే టెంటులో ఆడవాళ్ల వైపు, మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య కట్టిన పొట్టి మట్టిగోడ పక్కన, తెరకు వీపు పెట్టి కూర్చుంది. అందరూ తెర వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే జనం వైపు చూస్తూ, పెళ్లిపందిట్లో వచ్చిన వాళ్లను లెక్కపెట్టే పెద్దమనిషిలా ఉంది.

ఇక సినిమా డబ్బాల సంగతి. యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. తిరుపతిలో ఆట ముగించుకుని మా ఊరికి వస్తున్న రీళ్ల పెట్టె పూతలపట్టు దగ్గర బస్సు చెడిపోయి, సామాను ఇంకో బస్సులోకి మార్చుకుని వచ్చింది. ఆ మార్చుకోవడంలో ఒక డబ్బా అటుదిటు అయింది. అప్పట్లో ఒకటే మిషను. ఒక రీలు అయ్యాక దీపాలు వేసి, ఇంకో రీలు ఎక్కించే లోపల జనం సోడాలు తాగేవారు. మా ఆపరేటర్ అన్న డబ్బాలు సరిపోయాయా అని చూశాడే గాని, లోపల ఏముందో తెరిచి చూడలేదు. చూడాలని ఎవరికి తోస్తుంది.

పొద్దు గూకగానే ఆట మొదలైంది. చలికి దుప్పట్లు కప్పుకుని పల్లెల నుంచి నడిచి వచ్చిన వాళ్లతో నేల నిండిపోయింది. సినిమా బాగానే ఉంది, ఆ మాట చెప్పాలి. మాంత్రికుడు చెయ్యి ఊపితే కోట మాయమైంది. రాకుమారుడు కత్తి దూసి కొండెక్కాడు. శిఖరం మీద ఒక పెద్ద నీడ కదిలింది. రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. జనం సోడాలకు కూడా లేవలేదు. నేను గుంజకు ఆనుకుని, ఇదంతా నేనే తీసినట్టు మీసం దువ్వుకుంటున్నాను. దీపాలు ఆరాయి. తెర మీద దున్నిన మడి కనిపించింది. మడిలో ఉర్లగడ్డ (అదే, బంగాళాదుంప) మొక్కలు వరసగా ఉన్నాయి. టోపీ పెట్టుకున్న ఒక దొర వంగి ఒక మొక్కను పీకి, కింద వేలాడుతున్న ఉర్లగడ్డలను మాకు చూపించి నవ్వాడు. యుద్ధకాలంలో పంట ఎక్కువ పండించండని సర్కారు వాళ్లు అన్ని టెంటుల్లో వేయించే బొమ్మ అది.

కాసేపు ఎవరికీ అనుమానం రాలేదు. నా పక్కన కూర్చున్న, తమలపాకులూ వక్కలూ అమ్మే వక్కాకుల తాత, ఇదంతా మాంత్రికుడి మాయ అని చుట్టుపక్కల వాళ్లకు వివరించాడు. రాకుమారుణ్ణి ఏమార్చడానికి కొండను ఉర్లగడ్డల మడిగా మార్చేశాడట, ఆ టోపీవాడే మారువేషంలో ఉన్న మాంత్రికుడట. జనం అవునవునన్నారు. టోపీవాడు రెండోసారి నవ్వినప్పుడు ముందు వరసలో పిల్లలు భయపడ్డారు కూడా. తర్వాత ఎరువు వేయడం, గోతాలు కుట్టడం వచ్చేసరికి మాయ విడిపోయింది. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో దుప్పటి విసిరారు. పక్షి యాడ, పక్షిని తెచ్చిపెట్టు అని కేకలు మొదలయ్యాయి. ఒకతను టెంటు గుంజ పట్టుకుని ఊపడం చూశాను. గుంజలు ఊగితే డేరా కూలుతుంది, లోపల చిన్నపిల్లలున్నారు.

టెంటు మామ పరిగెత్తుకుంటూ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. ఆ డేరా తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు. "వారం దినాలుగా పక్షి మాట్లాడతాది, పక్షి మాట్లాడతాదని ఊరంతా సెప్పినావు గదప్పా. యిప్పుడు పోయి ఆ కత నువ్వే సెప్పు. కూసోబెట్టు వాళ్లను," అన్నాడు. బూర నా చేతిలో పెట్టి, తెర ముందున్న బెంచీ మీదికి నన్ను ఎక్కించాడు.

జట్కా మీద నిలబడితే జనం తలెత్తి చూసి వెళ్లిపోతారు, నిలబడి పరీక్ష చెయ్యరు. ఇక్కడ అలా కాదు. టెంటంతా నా నోటి వైపు చూస్తోంది. నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది. రాకుమారుడు కొండెక్కినాడు అని మొదలుపెట్టాను. అంతవరకు అందరూ చూసిందే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ధైర్యం వచ్చింది. అప్పుడు పక్షిరాజు ఒక్క అరుపు అరిచి, తన రెండు చేతులతో రాకుమారుణ్ణి ఎత్తుకుని, అన్నాను. పక్షికి చేతులు యాడియప్పా అని నేల మీద నుంచి ఎవరో అడిగారు. నవ్వులు లేచాయి. సర్దుకుని, రెక్కలతోనే ఎత్తుకున్నాడని, ఆకలిగా ఉందంటే రాకుమారుడు ఒక పొట్టేలును ఇచ్చాడని, అది తిని పక్షిరాజు సంతోషించాడని చెప్పుకుపోయాను (ఆ పొట్టేలు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు, నా మధ్యాహ్నపు కలల్లోంచి నడిచి వచ్చి ఉండాలి). అప్పుడు మట్టిగోడ అవతల నుంచి నెమ్మదైన గొంతు ఒకటి వినిపించింది.

"అది పక్షిరాజు గాదు నాయనా. ఆడపక్షి. పిల్లల తల్లి."

తిరిగి చూశాను. అత్త తెరకు వీపు పెట్టే కూర్చుని ఉంది. తల కూడా తిప్పలేదు. అందరి ముందు నన్ను సరిదిద్దినందుకు కోపం రావాలి. రాలేదు. చెరువులో మునుగుతున్న వాడికి ఎవరో కొంగు విసిరినట్టు ఉంది. బెంచీ దిగి గోడ దగ్గరికి వెళ్లి, అత్తా, నాకు రాదు, నువ్వు చెప్పమని బతిమాలాను. మగవాళ్ల ముందు లేచి నిలబడి కథ చెప్పడం ఆమె ఎన్నడూ చేసిన పని కాదు. పక్కింటి కోడలు ఆమె చెయ్యి పట్టుకోవడం కనిపించింది. అత్త కొంగు తల మీదికి లాక్కుని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, నేను సెప్తా, నువ్వు బూరలో అను అంది.

అలా మొదలైంది. ఆమె ఒక మాట చెబితే, నేను గోడ ఇవతల నిలబడి దాన్ని బూరలో టెంటు చివరిదాకా పంపాలి. అలవాటు చొప్పున మొదట్లో నా సరుకు కొంత కలిపాను. పక్షి గూట్లో కూసోని ఉండాది అని ఆమె అంటే, భయంకరమైన కండ్లతో నిప్పులు కురిపిస్తా గూట్లో కూర్చుని ఉందని నేను అన్నాను. నిప్పులెందుకు నాయనా, దానికి ఏడుపు కదా అని గోడ అవతల నుంచి మాట వచ్చింది. జనం మళ్లీ నవ్వారు, అయితే ఈసారి నవ్వులో కోపం లేదు. కాసేపటికి నేను కలపడం మానేశాను. ఆమె మాటను ఆమె చెప్పినట్టే అంటున్నాను. ఇంకాసేపటికి గమనిస్తే, బూర అవసరం లేకుండా పోయింది. అంత పెద్ద టెంటులో అవతల ఆయిలు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. బూరను నెమ్మదిగా కిందికి దించేశాను. ఎవరూ అడగలేదు.

పుస్తకంలో ఆ భాగం పెద్ద పెద్ద సమాసాలతో ఉంటుంది. అత్త ఆ రోజు దాన్ని మన మాటల్లో చెప్పింది. పక్షి రాకుమారుణ్ణి చూసి, "మీ నాయన ఏసిన బాణాలు రెండు. నాకుండే పిల్లలు రెండు. ఆ సేతిని పట్టుకోనే గదా నువ్వు నడక నేర్సింది. నిన్ను మోయమంటే నా రెక్కలు ఒప్పుకుంటాయా, నువ్వే సెప్పు," అని అడిగింది. తప్పు నాది కాదని రాకుమారుడు అనలేదు. మా నాయన తరఫున క్షమించమనీ అనలేదు. గూటి పక్కన కూర్చున్నాడు. గూట్లో ఇంకా గుడ్డు పెంకులు ఉన్నాయి. గాలికి అవి ఎగిరిపోకుండా గాలి వచ్చే వైపు తన వీపు పెట్టి, పొద్దంతా అట్లే కూర్చుండిపోయాడు. పక్షి చూసింది. పొద్దు వాలింది. అత్త పక్షి మాటను చాలా చిన్న గొంతుతో అంది.

"ఎక్కు. నీ కోసం గాదు. ఆ దీవిలో ఉండే పిల్లను కన్నామె ఒకతి యాడో ఎదురు సూస్తా ఉంటాది గదా. ఆమె కోసం."

కొడుకుల్ని పట్టాళానికి పంపి, ఉత్తరాల కోసం పోస్టాఫీసు అరుగు మీద కూర్చునే తల్లులు ఆ నేల మీద కొందరు ఉన్నారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. గుంజ ఊపినతను దుప్పటితో మొహం తుడుచుకుంటున్నాడు. వక్కాకుల తాత ఆపరేటర్ అన్న వైపు తిరిగి, యింక ఏసుకోప్పా అన్నాడు. మిగతా రీళ్లు ఆడాయి. రాకుమారుడు దీవిలో దిగి మాంత్రికుణ్ణి చంపాడు, అమ్మాయిని తెచ్చాడు. ఎవరూ గొడవ చెయ్యలేదు. జనం వెళ్లిపోయాక టెంటు మామ గోడ దగ్గరికి వచ్చి, అత్తకు దూరం నుంచే రెండు చేతులూ జోడించాడు.

మరుసటి రోజు బస్సులో అసలు రీలు వచ్చింది. సాయంత్రానికి టెంటు నిన్నటికంటే నిండిపోయింది. సగం మంది నిన్న వచ్చిన వాళ్లే. మాట్లాడే పక్షిని తెర మీద చూడాలని వచ్చారు. పక్కింటి కోడలు అత్తను మళ్లీ లాక్కొచ్చింది. అత్త మళ్లీ తెరకు వీపు పెట్టి కూర్చుంది. రీలు మొదలైంది. బోయపిల్లలు వచ్చి ఆడుతూ పాడుతూ రాకుమారుడి చుట్టూ తిరిగారు. అంత మంచు కొండ మీద ఆ పల్చని బట్టలతో వాళ్లకు చలి వేయదా అని ఎవరో జాలిపడ్డారు. పక్షి మాట్లాడేది యాడని ఇంకొకరు అడిగారు. మళ్లీ ఈలలు. టెంటు మామ నా వైపు, నేను మట్టిగోడ వైపు చూశాం.

అంతలో పాట అయిపోయింది. పక్షి రెక్కలు విప్పింది. ఎలా చేశారో గాని, ఒక చివర నుంచి మొదలై ఇంకో చివర దాకా, తెర చాలనంతగా విప్పింది. కింద సముద్రమంతా మంటలు లేస్తున్నాయి. ఆ మంటల వెలుగు రెక్కల అడుగున ఆడుతోంది. పక్షి ఒకసారి కిందికి జారి, గాలిని పట్టుకుని పైకి లేచింది. ఈలలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నేల మీద కూర్చున్న వాళ్లు ఆ గాలి తమకే తగిలినట్టు వెనక్కి ఒరిగారు. ఆ నిశ్శబ్దం విన్నది అత్త. ఎదురుగా ఉన్న మొహాల్లో ఏదో చూసింది. నేను గుంజ దగ్గర నుంచి ఆమెనే చూస్తున్నాను. ముందు తల కొంచెం తిప్పింది, తర్వాత భుజం, తర్వాత మనిషంతా తిరిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని చూసింది. పక్షి దీవి మీద వాలేదాకా రెప్ప వేసినట్టు లేదు.

ఇంటికి వచ్చే దారిలో ఆమే అంది. "ఆకాశమంత రెక్కలని పుస్తకంలో ఉండాది. ఎన్నిసార్లో సదివినాను. సదివినప్పుడంతా ఊరికే మాట అనుకుంటిని. అంత ఉంటాయని నాకేమి తెలుసు, అబ్బోడా. ఎవురు సేసినారో గాని మహానుభావులు." కాసేపు నడిచాక, "ఆ పాట మటుకు పాపం," అంది.

ఆ పాటకు ఉపాయం ఆపరేటర్ అన్న కనిపెట్టాడు. రీలు కత్తిరించడం ఆయన చేతిలో లేదు. అందుకని ఆ రీలు మొదట్లోనే దీపాలు వేసేసేవాడు. వెలుతురులో తెర మీద బోయపిల్లలు కనిపించీ కనిపించకుండా ఆడుతుంటే కింద జనం సోడాలు తాగుతూ, శనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేవారు. పాట అయ్యాక మిషను ఆపేవాడు. అప్పుడు మట్టిగోడ అవతల నుంచి అత్త పక్షి మాటలు చెప్పేది. చెప్పడం అయిపోగానే దీపాలు ఆరి రెక్కలు విచ్చుకునేవి. మాట ఆమెది, రెక్కలు సినిమా వాళ్లవి. రెండూ కలిసిన ఆ బొమ్మను చూసింది మా ఊరు ఒక్కటే అయి ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. టెంటు మామ ఆ సినిమాను ఆడించినన్ని రోజులు ఇంకే సినిమానూ ఆడించలేదు. నా ఉద్యోగం మాత్రం కాస్త నామోషీగా మారింది. జట్కా మీద పోతుంటే, మీ అత్త ఈ పొద్దు వస్తాదా అని అడిగేవారే గాని నా కథ వినేవారు లేరు.

ఇంత బాగా ఎందుకు ఆడుతోందో చూసి రమ్మని మద్రాసు నుంచి కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. కోటు వేసుకున్న మనిషి. కుర్చీలో కూర్చుని, తమ పాటకు జనం శనక్కాయలు ఒలుచుకోవడం, ఆ తర్వాత దీపాల వెలుగులో, తెర మీద ఏమీ లేకుండానే కళ్లు తుడుచుకోవడం చూసి, ఆయనకు మతి పోయింది. ఈ సీను మన సినిమాలో ఎక్కడుందని నన్ను అడిగాడు. నవల్లో ఉందని చెప్పాను. నవల చదవలేదన్నాడు. ఆ మాట అత్త దాకా పోయింది. మరునాడు మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చి, అమ్మా, ఆ పుస్తకం ఒకసారి ఇప్పిస్తారా అని వినయంగా అడిగాడు. పుస్తకం గడప దాటనివ్వడం అత్తకు అలవాటు లేదు. కూర్చోండి, చదువుతాను అంది. ఆయన కోటు విప్పి మడత పెట్టి, తిన్నె చివర, చింతపండు గింజలు తీస్తున్న ఆమెకు గౌరవమైన దూరంలో కూర్చున్నాడు. చిత్తూరు బస్సు పోయింది. తర్వాతి బస్సు కూడా పోయింది. సాయంత్రం లేచేటప్పుడు, పక్షి ఎందుకు ఒప్పుకుందో తెలియకుండానే రెక్కలు కట్టామమ్మా అన్నాడు. తెలియకనే అంత బాగా కట్టినారు గదయ్యా అని అత్త ఆయనకు గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఆ రోజు నేను వసారాలో పడుకోలేదు. గడపలో కూర్చుని, ఆ నాలుగు పేజీలు మొదటిసారి మెలకువగా విన్నాను.

యుద్ధం అయిపోయింది, టెంటు పోయింది, నేను బడిపంతులునై ఊళ్లు తిరిగి తిరుపతిలో స్థిరపడ్డాను. అత్త పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకు ఎనభై దగ్గర పడ్డాయి. మొన్న మా మనవరాలు నన్ను సినిమాకు తీసుకుపోయింది. ఎందరో పిల్లలు ఎగబడి చదివిన మాయల నవలను సినిమాగా తీశారట. నాకు కళ్లు సరిగా ఆనవని ఆ పిల్ల ఆ నవలను ముందే నాకు చదివి వినిపించింది. చల్లని హాలు, మెత్తని కుర్చీ. చాలా గొప్పగా తీశారు, మా కాలపు వాళ్లు చూస్తే చేతులెత్తి మొక్కేవారు. అయితే ఒక చోట, నవల్లో నా గుండెను పట్టేసిన మాట ఒకటి తెర మీద రాకుండానే కథ ముందుకు పోయింది. నేను నోరు మూసుకునే ఉన్నాననుకున్నాను గాని, పుస్తకంలో మాటేదీ అని పైకే అనేసినట్టున్నాను. మనవరాలు మోచేత్తో పొడిచి, తాతా, మెల్లగా అంది. ముందు వరసలో పది పన్నెండేళ్ల అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తోంది. తిట్టబోతోందని తల దించుకున్నాను.

"తాతా, పుస్తకంలో ఆడ ఏముండాది?" అని అడిగింది.

బయటికి పోయినాక చెబుతానమ్మా అన్నాను. పిల్లలు అలాంటివి మరిచిపోతారు కదా. సినిమా వదిలాక మెట్ల దగ్గరికి వచ్చి చూస్తే ఆ అమ్మాయి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. మా మనవరాలు అప్పటికే ఆటో పిలిచింది. ఆటో అబ్బాయిని బండి కాస్త పక్కకు పెట్టుకోమని చెప్పి, గొంతు సవరించుకుని, మెట్టు మీద కూర్చున్నాను.